నడిమి తలుపు కింది సందు

డిసెంబరు మూడో తారీఖు, బుధవారం, పొద్దున ఐదు గంటల నలభై నిమిషాలకు మా ఆయన దగ్గు ఆపుకోలేక మంచం మీద లేచి కూర్చున్నారు. ఐదింటి నుంచి ఆరింటి దాకా దగ్గులు నలభై ఆరు. క్యాలెండరులో ఆ రోజు గడిలో రాసి పెట్టుకున్నాను.

అంతకు మూడు రోజుల ముందే, ఆదివారం, ఆయనను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చుకున్నాము. ఊపిరితిత్తుల జబ్బు. పంపించేటప్పుడు డాక్టరు రెండే చెప్పాడు: పొగ తగలొద్దు, చల్లగాలి తగలొద్దు. ఇంకోసారి నిమ్ము చేరితే మళ్ళీ తీసుకురావలసిన అవసరం ఉండదు అన్నాడు. ఆ మాట ఆయన వినకుండా తలుపు బయటకు వచ్చి నాతో అన్నాడు. ఆయనకు డెబ్బై నాలుగు, నాకు అరవై తొమ్మిది.

మంచం నడవలో వేశాను. స్నానాల గదికి అక్కడి నుంచి తొమ్మిది అడుగులే. మిగతా రెండు గదులకు మెట్లు ఎక్కాలి. నడవలో ఒకటే ఇబ్బంది, ఆయన తలవైపు నడిమి తలుపు ఉంది.

ఆ తలుపు సంగతి చెప్పాలి. మా ఇల్లు నయాపూల్ దాటాక ఒక గల్లీ నుంచి వెనక గల్లీ దాకా పొడుగ్గా ఉంటుంది. మా మామ పాల వ్యాపారం చేసేవాడు. ముందు సగంలో మనుషులు, వెనక సగంలో బర్ల కొట్టం. మామ పోయాక అన్నదమ్ములు పంచుకున్నారు. ముందు సగం మాకు, వెనక సగం మా బావకు. మధ్యలో ఈ తలుపు. దీనికి గడప లేదు. పాల క్యాన్ల బండి అటు ఇటు పోవడానికి మామే గడప తీయించాడు. బర్లను కడిగిన నీళ్ళు పోవడానికి షాబాద్ బండల్లో జానెడు వెడల్పు కాలువ చెక్కించాడు. ఆ కాలువ వెనక వాకిట్లో మొదలై, తలుపు కింద కుడి చివరన దూరి, మా నడవ గోడ వెంబడి వచ్చి, ముందు వాకిట్లో మురుగు నీళ్ళ మోరీలో కలుస్తుంది. వెనక గల్లీలో అప్పుడూ మోరీ లేదు, ఇప్పుడూ లేదు. ఇల్లు పంచిన రోజు మామ తమ్ముడు అందరి ముందు ఒక మాట అన్నాడు: తలుపు మూసుకున్నా, తెరుచుకున్నా మీ ఇష్టం, నీళ్ళకు మాత్రం అడ్డం పెట్టొద్దు. రెండు ఇళ్ళవాళ్ళు సరే అన్నారు. కాగితం మీద రాయలేదు.

గాలి ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి అగరుబత్తి వెలిగించి పట్టుకుని తిరిగాను. కిటికీ దగ్గర పొగ నిటారుగా లేచింది. వీధి తలుపు దగ్గర కొద్దిగా ఊగింది. నడిమి తలుపు కింద పెట్టేసరికి నా మీదికి వంగి, నేల వెంబడి పాకి, ఆయన మంచం కిందికి పోయింది. టేపు తెచ్చి కొలిచాను. ఎడమ చివర సందు అర అంగుళం. నడుమ అంగుళం. కాలువ దూరే కుడి చివర రెండున్నర అంగుళాలు. ఇన్నేళ్ళూ రాని గాలి ఇప్పుడు ఎందుకు వస్తోందో కూడా తెలిసింది. వెనక కొట్టం రేకులు తుప్పు పట్టాయని దసరా అయ్యాక తీయించేశారు. ఆ వైపు అంతా ఆకాశం.

ఆ వైపు ఉండేది మా యారాలు, మా బావ భార్య. నాకంటే ఏడేళ్ళు పెద్ద. పిల్లలు లేరు. బావ పోయి ఆరేళ్ళు. బర్లు పోయి అంతకంటే ఎక్కువ. అయినా ప్రతి పొద్దున ఐదు గంటల ఇరవై నిమిషాలకు రెండు బకెట్ల నీళ్ళు కొట్టి, చీపురుతో బర్రున ఊడ్చేది, కొట్టంలో ఇంకా పెండ ఉన్నట్టే. ఆ నీళ్ళు తలుపు కింద నుంచి కాలువలో గలగలమని వచ్చేవి. పదకొండేళ్ళుగా మా మధ్య మాట లేదు. కానీ నీళ్ళు వచ్చాయంటే ఆమె లేచిందని తెలిసేది. మా ఆయన కళ్ళు మూసుకునే "వదినె లేసింది" అనేవారు. నేను విననట్టు ఉండేదాన్ని.

మాట ఎందుకు పోయిందంటే, పాల మీటరు వల్ల. పాలలో నీళ్ళు కలిశాయో లేదో చూసే గాజు గొట్టం అది. మంచి పాలలో తేలుతుంది, పలచని పాలలో మునుగుతుంది. ఇరవై ఎనిమిదికి తగ్గితే అనుమానించాలి. అప్పటికి రెండు కుటుంబాల పాలు కలిపే అమ్మేవాళ్ళం. పిండేది ఆమె, కొలిచేది నేను. ఒక మిఠాయి దుకాణం అతను పాలు పలచగా ఉంటున్నాయని వచ్చి నిలబడితే, నాకు పౌరుషం వచ్చి, అప్పుడే పిండిన బకెట్లో అతని ముందరే మీటరు వేశాను. ఇరవై ఆరు చూపించింది. నలుగురి ముందు అన్నాను: "అక్కా, నీళ్ళెన్ని గలిపినవ్?" ఆమె బకెట్టు అట్లాగే వదిలేసి లోపలికి పోయింది. ఆ మధ్యాహ్నమే నడిమి తలుపు వేసుకుని గడియ పెట్టింది. మర్నాడు తలుపుకు ఆ వైపు రేకు కొట్టించింది.

పిండిన పాలు వెచ్చగా నురుగుతో ఉన్నప్పుడు మీటరు మునుగుతుంది, తక్కువ చూపిస్తుంది. అందుకే ఎప్పుడూ చల్లారాకే చూసేదాన్ని. ఆ రోజు మరిచిపోయాను. సాయంత్రం ఆ బకెట్లో మిగిలిన పాలు చల్లారాక మళ్ళీ వేశాను. ఇరవై తొమ్మిది. ఎవరికీ చెప్పలేదు.

మొదట పాత చీర ఒకటి చుట్టి సందులో పెట్టాను. మర్నాడు ఐదున్నరకు ఆమె నీళ్ళకు నానింది. తడి చీర మీదుగా వచ్చే గాలి ఇంకా చల్లగా ఉంది. దగ్గులు నలభై తొమ్మిది. ఐదో తారీఖున, పక్కింటామెను ఆయన దగ్గర కూర్చోబెట్టి, బేగంబజార్ పోయాను. తలుపు కింద కొట్టే రబ్బరు పట్టీ అడిగితే దుకాణదారు పెద్ద చుట్ట తీశాడు.

"ఏసీ రూముకా అమ్మా?"

"నడిమి తలుపుకు. మూడు ఫీట్ల రెండించులు ఇయ్యి."

"మూడు ఫీట్లు కోస్త. రెండించుల కాడ ఏమైతది?"

"ఆ రెండించులకెల్లే గాలొస్తది."

అతను కత్తెర కింద పెట్టి నవ్వాడు. "అమ్మా, నువ్వు గల్లా మీద కూసో. నేను ఇంటికి పోయి పండుకుంట."

మూడు ఫీట్ల రెండించులే కోయించుకున్నాను. నేనే మేకులు కొట్టాను, పదకొండు. మర్నాడు నీళ్ళు రబ్బరును పైకి లేపి లోపలికి వచ్చాయి. ఆ తర్వాత అది మళ్ళీ కిందికి దిగలేదు, నాలుక చాపినట్టు ఉండిపోయింది. గాలి ఎప్పటిలాగే వచ్చింది.

ఎనిమిదో తారీఖు సోమవారం మిస్త్రీని పిలిచాను. లాడ్ బజార్ వెనక ఉంటాడు. గాజుల దుకాణాలకు అరలు కొడతాడు. ముప్పై ఏళ్ళుగా మా ఇంటి తలుపులన్నీ ఎరుగును. వంగి చూసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచాడు.

"ఏంది అమ్మా గిట్ల? గడప లేదు, ఏం లేదు. ఇది దర్వాజనా, పళ్ళూడిన నోరా?"

"నీకున్నయా పళ్ళు? పని జూడు."

"రెండున్నయ్, అల్లా దయ. కింద చెక్క పట్టీ గొడ్త, సిమెంటు ఏస్త. మరి ఈ నాలీ సంగతేంది? ఇది బంద్ జేస్తే ఉధర్ పానీ నిలుస్తది."

"నిలవనీ."

"ఒక పైపు పెడ్తనమ్మా. మూడించులది. మూతికి గుడ్డ కుక్కు. ఆమె నీళ్ళు గొట్టే టైముకు తియ్యి, అయినంక పెట్టు. పాంచ్ మినట్ కా కామ్."

"పైపులకెల్లి గాలి రాదా?"

"గుడ్డ పెట్టినంక ఎట్ల వస్తది?"

మంచం మీద నుంచి మా ఆయన అన్నారు: "పెట్టియ్యి. నీళ్ళకు అడ్డం పెట్టం అని మాటిచ్చినం గద."

"ఆమెనే వచ్చి అడగనీ" అన్నాను. "అడిగిన దినం పెట్టిస్త."

"అడగాలె అని ఆమెకెట్ల తెలుస్తది?" అన్నాడు మిస్త్రీ.

"నీళ్ళు నిలిస్తే తెలుస్తది."

అతను సంచి విప్పాడు. చెక్క కొట్టాడు, కాలువ మూతికి ఇటుక ముక్కలు పేర్చాడు, సిమెంటు పూశాడు. మూడుంపావుకు పని అయిపోయింది. పోయేటప్పుడు తన సైకిలుకు కట్టిన పైపు ముక్క విప్పి నడవ గోడకు ఆనించాడు. మూడించుల పైపు, మూడు ఫీట్ల పొడుగు. "ఇక్కడనే పెడ్తున్న. బుద్ధి పుట్టినప్పుడు పిలువు అమ్మా" అన్నాడు. ముప్పై ఏళ్ళ ఎరుక కాబట్టి ఆ మాట అన్నాడు. నేను కూడా కోపం తెచ్చుకోలేదు.

అగరుబత్తి పెట్టి చూశాను. పొగ నిటారుగా లేచింది. తొమ్మిదో తారీఖు పొద్దున ఐదింటి నుంచి ఆరింటి దాకా దగ్గులు పదిహేడు. ఆయన ఏడింటి దాకా పడుకున్నారు. ఎన్నో వారాల తర్వాత అంత నిద్ర. లేచి మొదటి మాట, "వదినె లేసిందా?" అన్నారు.

"నాకేం తెలుసు?" అన్నాను.

నిజంగానే తెలియలేదు. ఐదూ ఇరవైకి నేను మేలుకునే ఉన్నాను. నీళ్ళ చప్పుడు లేదు, చీపురు చప్పుడు లేదు. చెక్క, సిమెంటు, ఆ వైపు రేకు, అన్నీ కలిసి వినపడనివ్వలేదు. ఇల్లు మొదటిసారి పూర్తిగా రెండయింది.

పదో తారీఖు ఐదు గంటల ముప్పై ఐదు నిమిషాలకు తలుపు మీద చప్పుడు. ఇత్తడి చెంబుతో కొడుతోంది, మనిషి భుజం ఎత్తున. మూడు సార్లు, ఆగి మూడు సార్లు. ఆ వెంటనే గొంతు. పదకొండేళ్ళ తర్వాత నాతో మాట్లాడింది.

"ఏమే! నీళ్ళు పోతలేవు!"

నేను తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాను. "సిమెంటు ఏసిన."

"ఎందుకేసినవే?"

"చల్లగాలొస్తుంది. ఈయనకు పడదు."

"పదకొండేండ్ల సంది రాని గాలి ఇయ్యాల వచ్చిందా?"

"మీ దిక్కు రేకులు తీసినంక వస్తుంది."

"మరి నీళ్ళెటు పోవాలె? నా నెత్తి మీదికెల్లా?"

"బకెట్ల ఎత్తి గల్లీల పొయ్యి."

"డెబ్బై ఆరేండ్ల ముసల్దాన్ని బకెట్లెత్తమంటవానే? నువ్వు కడగలేదా ఈ వాకిలి? ఎటు పోతయో తెల్వదా నీకు?"

"అసలు ఎందుకు కడగాలె? బర్లున్నయా, పెండ ఉన్నదా?"

చెంబు బండ మీద పెట్టిన చప్పుడు వచ్చింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "నీ మొగడెట్లున్నడే? దగ్గు ఇనస్తలేదు."

అది ఎత్తిపొడుపు అనుకున్నాను. జవాబు ఇవ్వకుండా వచ్చేశాను.

మా ఆయన అంతా విన్నారు. "అడిగింది గద, పైపు పెట్టియ్యి" అన్నారు.

"అది అడుగుడా? లొల్లి వెట్టింది. గట్ల గాదు. మంచిగ అడగాలె."

"ఏ తీరుగ అడిగితే మంచిగ అడిగినట్టు? చెప్పు, రాసిస్త."

మిస్త్రీకి ఫోను చేయలేదు. పదకొండు, పన్నెండు తారీఖులు అట్లాగే పోయాయి. దగ్గులు పదిహేను, పన్నెండు. నాకు సంతోషంగా ఉండింది. అది కూడా రాసి ఉంది. పన్నెండో తారీఖు గడిలో అంకె కింద గీత కొట్టి ఉంది.

ఆ మూడు రోజుల్లో అవతల ఏమయిందో నాకు తర్వాత తెలిసింది. ఆమె కడగడం మానలేదు. ఒక బకెట్టుకు తగ్గించింది. నీళ్ళు వాకిలి వాలున వచ్చి తలుపు దగ్గర నిలిచాయి. పాత బండలు, ఎండ తగలని మూల. ముందే కొద్దిగా ఉన్న పాకుడు ఆ నీళ్ళకు పచ్చగా పెరిగింది.

పదమూడో తారీఖు శనివారం తొమ్మిది గంటల ఇరవై ఐదు నిమిషాలకు చెంబు చప్పుడు మళ్ళీ వచ్చింది. మూడు సార్లు, ఆగి మూడు సార్లు. అట్లా నాలుగు విడతలు. నేను బియ్యం ఏరుతున్నాను.

"వదినె పిలుస్తుంది" అన్నారు ఆయన.

"నీళ్ళ లొల్లి. మంచిగ అడిగినప్పుడు చూద్దాం."

"మాట ఇనస్తలేదు. ఒట్టి చెంబే."

"మాట్లాడుడు ఇష్టం లేక."

క్యాలెండరులో రాశాను: తొమ్మిదీ ఇరవై ఐదు, చెంబు, పన్నెండు దెబ్బలు, జవాబు ఇవ్వలేదు. ఆ పక్కనే ఇంకో మాట రాశాను: కింది నుంచి. బుధవారం నాటి చప్పుడు భుజం ఎత్తున వచ్చింది. ఇది నేలకు దగ్గరగా, చెక్క పట్టీకి పైన వచ్చింది. నా చెవికి ఆ తేడా తెలిసింది, రాశాను కూడా. అంతకు మించి ఆలోచించలేదు.

పదకొండూ పదికి మళ్ళీ వచ్చింది. పదిహేను దెబ్బలు. ఆయన లేచి కూర్చున్నారు. "ఇది వేరే తీరుగ ఉంది. పోయి చూడు. వెనక గల్లీకెల్లి పోయి చూడు."

"నిన్నొక్కన్ని ఇడిసిపెట్టి పోవాల్నా?"

"పది నిమిషాలకు నేను సావను."

వెనక గల్లీలో ఆమె వీధి తలుపు మా వీధి తలుపు నుంచి రెండు వందల పద్నాలుగు అడుగులు. మలుపు తిరిగి, పిండి గిర్ని దాటి పోవాలి. నా మోకాళ్ళకు నాలుగైదు నిమిషాలు పడుతుంది. పోలేదు. పోతే నేనే ముందు పోయినట్టు అవుతుంది, అదే నా మనసులో ఉన్నది. ఆయనకు మాత్రం మోకాళ్ళ నొప్పి అని చెప్పాను.

రెండూ నలభైకి తొమ్మిది దెబ్బలు, మెల్లగా. నాలుగూ ఐదుకు మూడు. ఆ మూడు అయ్యాక ఆయన మంచం దిగారు. గోడ పట్టుకుని మూడు అడుగులు వేసి, తలుపు ముందు కూర్చుండిపోయారు. బండ మీద చెయ్యి పెట్టి "వదినే, ఓ వదినే" అన్నారు. దగ్గు వచ్చింది. మాట తలుపు దాటే గొంతు కాదు ఆయనది. లేపి పడుకోబెట్టడానికి పక్కింటామెను పిలవవలసి వచ్చింది. ఆయన నా మొహం చూడకుండా అన్నారు: "నా మీద ఒట్టు. పోయి చూడు."

"పొద్దుగూకింది. రేపు పొద్దున పోత" అన్నాను. ఇంకా పొద్దు గూకలేదు.

మర్నాడు, ఆదివారం, ఎనిమిదీ ఐదుకు పూలమ్మే ఆమె వచ్చింది. మా గల్లీ అయ్యాక వెనక గల్లీకి పోతుంది, కొన్నిసార్లు అటు నుంచి ఇటు వస్తుంది. ఆ రోజు అటు నుంచి వచ్చింది. మూర కొలుస్తూ అంది: "మీ యారాలు ఊరికి పోయిందా అమ్మా? నిన్న తలుపు తీయలే, ఇయ్యాల తీయలే. నిన్న పెట్టిన పూలు తలుపు కాడ గట్లనే ఉన్నయ్."

ఆమె ఎక్కడికీ పోదు. పోవడానికి ఎవరూ లేరు.

రెండు వందల పద్నాలుగు అడుగులు నడిచాను. తలుపు లోపల గడియ వేసి ఉంది. గిర్ని అతన్ని పిలిచాను. అతను గోడెక్కి లోపలికి దిగి గడియ తీశాడు. అప్పటికి ఎనిమిదీ నలభై.

నడిమి తలుపుకు రెండు అడుగుల దూరంలో, కుడి పక్కకు ఒరిగి పడి ఉంది. కింద రెండు వేళ్ళ లోతు నీళ్ళు, పచ్చగా. చీపురు ఆరు అడుగుల అవతల ఉంది, బకెట్టు అక్కడే బోర్లా పడి ఉంది. అంటే పడిన చోటు నుంచి ఆ తలుపు దాకా పాకింది. చెంబు చేతికి దగ్గరలోనే ఉంది, అంచు సొట్ట పోయింది. తలుపు రేకు మీద నేలకు ఎనిమిది అంగుళాల ఎత్తున గీతలు. ఊపిరి ఆడుతోంది. వీధి తలుపు వైపు పాకి ఉంటే గల్లీలో ఎవరో వినేవారు. ఆమె ఇటువైపు వచ్చింది. ఇక్కడ మనుషులు ఉన్నారని ఆమెకు తెలుసు.

దవాఖానలో తుంటి ఎముక విరిగిందన్నారు. శనివారం ఐదున్నరకు పాకుడు మీద జారి పడిందని తర్వాత ఆమే చెప్పింది. మధ్యాహ్నం వెచ్చటి దుప్పట్లు కప్పాక కళ్ళు తెరిచింది. నన్ను చాలాసేపు చూసింది.

"ఉన్నడా?" అంది.

ఎవరని నేను అడగలేదు. "ఉన్నడు" అన్నాను.

"దగ్గు ఇనస్తలేదు గదనే. పోయిండనుకున్న. నీ ఏడుపు గూడ ఇనస్తలేదు. గిదేం ఆడిది, మొగడు పోయినా నోరు తెరుస్తలేదనుకున్న." నవ్వబోయి ఆగింది, నొప్పికి. "రోజూ లెక్క వెట్టేదాన్ని వాని దగ్గు. మన్ను దిన్న దగ్గు, గదే ఇంట్ల చప్పుడు నాకు."

నేను ఇటువైపు లెక్క పెడుతున్నప్పుడు, ఆమె అటువైపు లెక్క పెట్టేదన్న మాట.

"అక్కా" అన్నాను. ఇరవై తొమ్మిది అని చెప్పాలనుకున్నాను. నర్సు వచ్చి సూది వేసింది. పడుకుంది.

సోమవారం పోయినప్పుడు మంచం చుట్టూ నలుగురు ఉన్నారు, ఆమె తమ్ముడి కొడుకులు, కోడళ్ళు. వాళ్ళ ముందు చెప్పలేదు. నలుగురి ముందే కదా ఆ మాట అన్నాను, నలుగురి ముందే తీసుకోవలసింది. ఆ సంగతి అప్పుడు తోచలేదు. వచ్చేసేటప్పుడు ఆమె చెయ్యి ఎత్తి పిలిచి, "నీళ్ళకు ఏదన్న పైపు ఏపియ్యి. నువ్వేం జేసినా సరే గానీ సందు తెరవకు, చల్లగాలొస్తది వానికి" అంది. తన కళ్ళ ముందు పెరిగిన మరిది కాబట్టి వాడు అనేది.

మంగళవారం ఊపిరికి గొంతులో గొట్టం పెట్టారు, మాట లేదు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని డాక్టరు చెప్పాడు. చల్లటి బండ మీద అంతసేపు ఉన్నందుకు అన్నాడు. పదిహేడో తారీఖు బుధవారం పదకొండు గంటల యాభై నిమిషాలకు పోయింది.

పద్దెనిమిదో తారీఖు పొద్దున ఉలి, సుత్తి తీసుకుని నేనే కూర్చుని సిమెంటు పగలగొట్టాను. రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. నిలిచిన నీళ్ళు ఒక్కసారిగా కాలువలోకి వచ్చి, పచ్చగా, వాసన కొడుతూ మోరీలోకి పోయాయి. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. సంగతి తెలిసి మిస్త్రీ వచ్చాడు. గోడకు ఆనించి ఉన్న పైపును చూశాడు, నన్ను చూశాడు, టోపీ సర్దుకుని పోయాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే వెనక వాకిలి నేను కడగడం మొదలుపెట్టాను. నడిమి తలుపు గడియ ఇప్పుడు తీసే ఉంది. ఐదూ ఇరవైకి ఒక బకెట్టు నీళ్ళు కొట్టి ఊడ్చేదాన్ని. నాలుగో రోజు ఆయన అన్నారు: "కడగకు."

"పాకుడు పడ్తది."

"పడనీ. నీళ్ళు రాంగనే వదినె లేసిందనుకుంటున్న. రోజూ మల్లొకసారి పోతుంది వదినె నాకు."

మానేశాను.

ఇది జనవరి. సందులో గుడ్డలు ఆయన పెట్టనివ్వరు. చల్లగాలి వస్తోంది. నిన్న పొద్దున ఐదింటి నుంచి ఆరింటి దాకా దగ్గులు నలభై ఒకటి.

పోయినవి ఇవి.

మనిషి, ఒకరు, డెబ్బై ఆరేళ్ళు.

తడి బండ మీద ఆమె ఉన్నది, ఇరవై ఏడు గంటల పది నిమిషాలు.

చెంబు దెబ్బలు, నేను విన్నవి, ముప్పై తొమ్మిది. జవాబు ఇచ్చినవి లేవు.

మాట లేని ఏళ్ళు, పదకొండు.

ఇరవై తొమ్మిది అని చెప్పడానికి మిగిలిన రోజులు, ఆదివారం నుంచి బుధవారం దాకా. చెప్పింది లేదు.

మా ఆయన నాతో రోజుకు మాట్లాడే మాటలు, ఇప్పుడు, మూడు: నీళ్ళు, మందు, చాలు.

పైపు, మూడించులది, మూడు ఫీట్లది, పోలేదు. గోడకు ఆనించే ఉంది.